చూచినవారు, చూపబడినవారు

పారిసునగరమున జరిగిన విశ్వప్రదర్శనములు మానవజాతికెల్ల విద్యాపీఠములని మనలో కొందఱు పండితులు వ్రాయుచుందురు. 1855, 1867, 1878, 1889, 1900, 1937 అని సంవత్సరములను ఏకరువుపెట్టి, ఈఫిలు గోపురమును, 1900లో ప్రారంభమైన భూగర్భపు రైలును చూపి చేతులు జోడింతురు. యంత్రములకు నమస్కరించుటకు నా కభ్యంతరములేదు. ఆ యంత్రముల ప్రక్కన ఎవరిని నిలువబెట్టిరో అదియు చెప్పుడని మాత్రమే అడుగుచున్నాను.

1889నాటిది ఫ్రెంచివిప్లవమునకు శతవార్షికోత్సవము. స్వాతంత్ర్యము, సమానత్వము, సౌభ్రాత్రము అను మూడుమాటల పండుగ. రాజుతల తెగిన కథకు ఉత్సవమేమని యూరపులోని రాజ్యములు పెక్కు అధికారపూర్వకముగ పాల్గొనక తప్పించుకొనెను. (వారిని తప్పుపట్టనేల? తమవంటివాని తద్దినమునకు విందారగింప నెవరు పోవుదురు?) రాజులు రాలేదు, సెనెగలునుండి, జావానుండి, న్యూకాలెడోనియానుండి సామాన్యజనులు రప్పింపబడిరి. అన్వలీదు మైదానమున వారికి గుడిసెలు వేసిరి. వారు పనిపాటలు చేసికొనుచుండగా టిక్కెట్టు కొన్నవారు గుంపులుగూడి చూచిరి. సమానత్వోత్సవమున మనుష్యుడే ప్రదర్శనవస్తువు! అక్కడ జావావారి వాద్యములు విని దెబుస్సీయను సంగీతవేత్త ముగ్ధుడయ్యెను, ఇది లాభము కాదా యందురు. లాభమే. వినగల చెవియున్నవానికి సంగీతసభలో విన్నను అంతే లాభము. దానికై గుడిసెయు, గుడిసెచుట్టు గుంపును అక్కఱలేదు.

ఆ కాలమువారికి అంతే తెలియునను సమాధానము మిక్కిలి చౌక. 1900లో అదే పారిసున డుబాయిసు మొదలగు అమెరికా నల్లజాతి విద్వాంసులు తమవారి జీవనమును ఛాయాచిత్రములతో, లెక్కల పటములతో, గ్రంథములతో తామే ప్రదర్శించిరి. డుబాయిసునకు సువర్ణపతకము లభించెను. కావున తెలియక కాదు. ఆ పతకమిచ్చిన నగరముననే 1931లో, వలసరాజ్యముల ప్రదర్శనము జరుగువేళ, న్యూకాలెడోనియా కనాకులను, వారిలో చదువుకొన్నవారును క్రైస్తవులును ఉండగా, నరమాంసభక్షకులని చాటి ఒక ఉద్యానమున వినోదముగ చూపిరి. వారిలో కొందఱిని జర్మనీకి పంపి బదులుగ మొసళ్లను తెచ్చుకొనిరి!

ఇక ఆ గోపురము సంగతి. మన సోదరీమణులు దీనిని వినవలెను. 1889లో దానిపై 72 మంది శాస్త్రజ్ఞుల పేర్లు వ్రాసిరి. అందు స్త్రీ ఒక్కతెయు లేదు. సోఫీ జెర్మేను అను నామె, స్త్రీలకు ప్రవేశములేని విద్యాలయపు పాఠములను సంపాదించి చదివి, లెబ్లాను అను పురుషనామముతో వ్రాతలు పంపి లగ్రాంజి పండితుని మెప్పు పొందెను. స్థితిస్థాపకఫలకముల కంపనమును గూర్చిన ఆమె గణితమునకు 1816లో ఫ్రెంచి శాస్త్రపరిషత్తే బహుమానమిచ్చెను. గాలికి ఇనుమెంత వంగునో, ఎట్లు తిరిగి నిలుచునో లెక్కింపక అంతయెత్తు కట్టుట యెట్లు? అట్టి శాస్త్రమునకు తోడ్పడినయామెకు అచట చోటు దొరకలేదు. మెచ్చుకొన్న లగ్రాంజిపేరు మాత్రము గోపురము నెక్కెను. స్త్రీశాస్త్రజ్ఞుల పేర్లుకూడ చేర్చవలెనని పారిసు నగరపాలకులు 2025లో సంకల్పించిరి. అప్పటికి గోపురమునకు 136 ఏండ్లు.