పరదేశమున కట్టుకొన్న ఇల్లు



పరదేశమున సంసారము దిద్దుకొన్న స్త్రీకి, ఆ దేశపు దొరతనము ఇచ్చు అనుమతి లేనిదే ఆ యింట నిలుచు హక్కు ఉండదు. ఆ అనుమతి తొలగిన నాడు ఏమగునో తెలుపు చరిత్ర నొకదానిని ఈ మాసమున మీకు మనవి చేసెదను.

1915లో పెషావరు వాస్తవ్యుడగు వైష్ణోదాస్ బగాయి, భార్య కళాబగాయితోను ముగ్గురు కుమారులతోను శాన్ ఫ్రాన్సిస్కో నగరము చేరెను. నాడు ఆ తీరమున భారత స్త్రీలు మిక్కిలి అరుదు. ఆమె ముక్కుపుడకను గూర్చియే అచ్చటి పత్రిక వింతగా వ్రాసెను. బర్కిలీ పట్టణమున ఇల్లు కొని సామానులతో వెళ్లగా, ఇరుగుపొరుగువారు తాళములు వేసి లోనికి రానీయలేదు. అయినను ఆ దంపతులు అధైర్యపడక, దుకాణము పెట్టుకొని, పిల్లలను పెంచుకొనుచు నిలద్రొక్కుకొనిరి. 1921లో బగాయికి అమెరికా పౌరసత్వము లభించెను.

రెండేండ్లయినను నిండలేదు. భగత్ సింగ్ థింద్ అను వేరొక భారతీయుని వ్యాజ్యెమున, 1923 ఫిబ్రవరి 19వ తేదీని అమెరికా సర్వోన్నత న్యాయస్థానము, భారతీయులు చట్టము చెప్పు ‘తెల్లవారు’ కారు గనుక పౌరసత్వమున కర్హులు కారని తీర్పు చెప్పెను. అంతట దొరతనమువారు అదివరకు ఇచ్చిన పౌరసత్వములను గూడ రద్దు చేయింపసాగిరి. బగాయి పౌరసత్వమును పోయెను. పౌరులగుట కర్హత లేనివారికి కాలిఫోర్నియాలో భూమిపై హక్కు లేదు. అందుచే ఆస్తియు చేజారెను. స్వదేశమును చూచి వచ్చుటకు అమెరికా పాస్‌పోర్టు కోరగా నిరాకరించిరి. గదర్ ఉద్యమమున చేరిన ఆయనకు బ్రిటిషు ప్రజగా ప్రయాణము చేయ మనసొప్పలేదు. 1928లో ఆయన ప్రాణత్యాగము చేసుకొనెను.

కళాబగాయి ముగ్గురు బిడ్డలతో మిగిలెను. ఆమె రాత్రి పాఠశాలకు పోయి ఆంగ్లము నేర్చుకొని, కుమారులను కళాశాల చదువులు చదివించెను. 1946 నాటి చట్టము భారతీయులకు మరల పౌరసత్వార్హత నీయగా, అటుపిమ్మట ఆమెయు పౌరురాలయ్యెను. 1983లో స్వర్గస్థురాలయ్యెను. ఒకనాడు ఆమెను గడప త్రొక్కనీయని బర్కిలీ పట్టణమే 2020లో ఒక వీథికి ఆమె పేరు పెట్ట నిశ్చయించెను.

ఇది గతించిన కథ యని ఊరకుండరాదు. నేడు మన తెలుగు ఆడపడుచులు వేలకొలదిగా అమెరికాలో కాపురముండుచున్నారు. రంగు నడుగు చట్టము పోయినను, లెక్క కట్టు చట్టము కలదు. 1990 నాటి శాసనము ననుసరించి, ఉద్యోగమునుబట్టి ఏటా ఇచ్చు శాశ్వత నివాసపు అనుమతులు సుమారు 1,40,000. భార్యాబిడ్డలును ఈ లెక్కలోనివారే. ఏ యొక్క దేశమువారికిని సాధారణముగా నూటికి ఏడింటికి మించి ఈయరు. కావుననే భారతీయులు ఏండ్ల తరబడి వేచియుండవలసి వచ్చుచున్నది. అంతవరకు, భర్తపై ఆధారపడిన అనుమతితో నున్న భార్య నివాసము ఆయన ఉద్యోగముతో ముడివడియుండును. ఉద్యోగము పోయినను, భర్తయే పోయినను, ఆమె కాధారము తెగును. పసితనమున వెంట దీసికొనిపోయిన బిడ్డకు గూడ, ఇరువదియొక్క యేండ్లు నిండిన పిమ్మట సాధారణముగా తల్లిదండ్రుల అనుమతి అక్కరకు రాదు.

కావున పత్రముల పని మగవారిదని విడిచిపెట్టకుడు. మీ అనుమతి ఏ పేరున నున్నదో, ఏ తేదీతో ముగియునో మీరే చదివి తెలిసికొనుడు. మీ చదువుల పత్రములను, కొంత ధనమును మీ చేతిలో నుంచుకొనుడు. అమెరికా సంబంధము కుదుర్చు తల్లులారా, అల్లుని జీతముతోబాటు, అమ్మాయి అచ్చట ఏ హక్కుతో నుండునో అదియు విచారింపుడు.

అనుమతి దొరకక పదేండ్ల సంసారమును పెట్టెలలో సర్దుకొని తిరిగివచ్చిన ఆడపడుచు మన వీథిలో కనబడినచో, ‘ఏల వచ్చితివి?’ అని అడుగకుడు. ఆమె తప్పేమియు లేదు. లోనికి పిలిచి, బిడ్డలకు అన్నము పెట్టి, బడి ఎక్కడ నున్నదో చూపుడు.