ఫైబరు తీగ: అంకెకు గాదు, అవసరమునకు వెల యిత్తము

వ్యవహార జ్ఞానము

నేడు మన సోదరీమణులలో పలువురు గృహకృత్యములను చక్కబెట్టుకొనుచునే చిన్నదో పెద్దదో యొక వ్యాపారమును నడుపుచున్నారు. ఒకరు మంగళగిరి చీరలను, ఒకరు నరసాపురపు లేసు అల్లికలను, మఱియొకరు ఆవకాయ జాడీలను దూరదేశములకు పంపుచున్నారు. కొనువారు అమెరికాలో నుందురు. చీర కొంగు ఇచ్చట వీడియోలో విప్పి చూపుదురు. పైకము క్షణములో వచ్చి చేరును. ఇంతటి వ్యవహారమునకు ఆధారము, గోడవెంట మేకులతో బిగించిన సన్నని తీగ యొక్కటియే. అట్టి తీగనుగూర్చి మనము చేయు విచారణ, వంకాయలు కొనునప్పుడు చేయు విచారణలో సగమైనను లేదు. కంపెనీ మనిషి వచ్చి “మూడువందల వేగ మిచ్చెదము” అని పెద్ద యంకె చెప్పగానే సంతకము చేయుచున్నాము.

ఆ విచారణ యెట్లు చేయవలెనో యీ మాసమున ముచ్చటింతము. చెప్పదలచిన ముఖ్యవిషయ మిది: మనకు కావలసిన యంకెను మనమే లెక్కించుకొనవలెను. అంతకు మించిన వేగమునకు పోయెడి ధనమును, తీగ ఆగకుండుటకై వెచ్చింపవలెను.

ఎగుమతియు దిగుమతియు

ఫైబరనగా గాజు పోగు. దానిలో వెలుగు ప్రయాణించు నడిమి దారి సుమారు 9 మైక్రాన్లు మాత్రమే. మైక్రాననగా మిల్లీమీటరులో వెయ్యవ భాగము. గాజును తగినంత శుద్ధిచేసినచో వెలుగు బహుదూరము పోగలదని 1966లో నిరూపించి వ్రాసిన చార్లెస్ కావో గారికి 2009లో నోబెల్ బహుమానము లభించినది.

ఈ పోగుద్వారా మన యింటికి వచ్చునది దిగుమతి, దీనినే డౌన్‌లోడందురు. మన యింటినుండి పోవునది ఎగుమతి, ఇది అప్‌లోడు. సినిమాలు చూచు గృహమునకు దిగుమతి ముఖ్యము. సరకు చూపి యమ్ముకొను వ్యాపారమునకు ఎగుమతి ప్రాణము. కంపెనీవారు ప్రకటనలో పెద్ద యక్షరములతో చూపునది తఱచుగా దిగుమతి యంకెయే. కొన్ని పథకములలో రెండును సమానముగా నుండును. కొన్నింటిలో ఎగుమతి బహుస్వల్పము. కావున మొదటి ప్రశ్న “ఎగుమతి యెంత?” అనియే కావలెను.

వేగమును మెగాబిట్లలో చెప్పుదురు; మన ఫొటోలును వీడియోలును మెగాబైట్లలో నుండును. ఎనిమిది బిట్లు ఒక బైటు. కావున 100 మెగాబిట్ల తీగ సెకనునకు మోసికొనిపోవునది 12.5 మెగాబైట్లు మాత్రమే. వెయ్యి మెగాబైట్ల వీడియోను పంపుటకు ఎగుమతి వేగము 100 అయినచో 80 సెకనులు, 20 అయినచో 400 సెకనులు పట్టును. ప్రకటనలోని “వరకు” అను చిన్నమాటను సైతము గమనింపుడు. “300 వరకు” అనగా 300 ఎల్లప్పుడు నిచ్చెదమని యర్థము కాదు. మనదేశమున 2023 నాటి నిర్వచనము ప్రకారము బ్రాడ్‌బ్యాండనిపించుకొనుటకు 2 మెగాబిట్ల దిగుమతి చాలును.

మీ లెక్కను మీరే వేసికొనుడు

ఒక చీరల దుకాణము ననుకొందము. ఫోనుతో ప్రత్యక్ష ప్రసారము చేసి యమ్ముటకు ఎగుమతిలో సుమారు 4 నుండి 6 మెగాబిట్లు కావలెను. అదే సమయమున వేఱొక యమ్మాయి కొనువారితో వీడియోలో మాటలాడుచున్నచో 3. బిల్లులు, చెల్లింపులు, ఉత్తరములు అన్నియు కలిపి 2. మూడు కెమెరాలు తాము చూచినదంతయు ఇంటర్నెట్టుద్వారా దూరమునందలి భాండారమునకు పంపుచున్నచో, ఒక్కొక్కదానికి 4 చొప్పున 12. మొత్తము 23. పండుగ రద్దీకై సగము చేర్చినను 35 దాటదు. కావున ఎగుమతి దిగుమతులు రెండును 50 గానుండు పథకము ఈ దుకాణమునకు పుష్కలము. గోటితో పోవుదానికి గొడ్డలి యేల?

ఇందులో సగముభాగము కెమెరాలకే పోవుట చూచితిరిగదా. కెమెరాల దృశ్యములను దుకాణములోనే యొక రికార్డరు పెట్టెలో భద్రపఱచినచో, మనము దూరమునుండి చూడగోరినప్పుడు తప్ప వానికి ఇంటర్నెట్టుతో పనిలేదు. పథకమును పెంచుటకు ముందు ఇట్టి వృథాను తగ్గించుకొనుట గృహిణికి చెప్పవలసిన విద్య కాదు.

ఉమ్మడి బావి, సొంత బావి

మన వీధులలో సాధారణముగా కనబడు జీపాన్ అను పద్ధతిలో, కంపెనీనుండి వచ్చు నొక గాజు పోగును దారిలో చీలికలు చేసి 32 ఇండ్లకో 64 ఇండ్లకో పంచుదురు. ఆ పోగునందు దిగుమతికి సుమారు 2,488, ఎగుమతికి సుమారు 1,244 మెగాబిట్లు పట్టును. 64 ఇండ్లవారును ఒక్కసారిగా గరిష్ఠముగా వాడిరేని యింటికి వచ్చునది దిగుమతిలో 39, ఎగుమతిలో 19 మాత్రమే. అందఱును ఒక్కసారి తోడుకొనరను ధైర్యముతోనే ప్రతి యింటికిని 300 చూపుచున్నారు. ఇది మోసము కాదు. ఉమ్మడి బావి న్యాయము. నూతన పరికరములలో ఈ శక్తి యింతకంటె నధికము. అయినను రాత్రి ఎనిమిది గంటలకు వీధివీధియంతయు సినిమాలు చూచునప్పుడే మీ యమ్మకము సాగునదైనచో, ఆ వేళయందే ఇరుగుపొరుగుల యింటిలో వేగమును పరీక్షించి చూడుడు. పగటి పరీక్షను నమ్మకుడు.

దీనికి భిన్నమైనది లీజుడు లైను. ఇందు మీ వాటా మీదే; ఎగుమతి దిగుమతులు సమానము; మరమ్మతునకు గడువును ఒప్పందములో వ్రాయుదురు. వెల మాత్రము పలు రెట్లు అధికము. ఆసుపత్రులకును, పదులకొలది మనుష్యులు కూర్చుండి పనిచేయు కార్యాలయములకును ఇది తగును. చిన్న వ్యాపారమునకు తగునా యనునది క్రింది లెక్కచే తేలును.

ఆగిన గంటకు వెల యెంత?

వ్యాపారవేళలో తీగ గంటసేపు ఆగినచో మీకు 500 రూపాయల లాభము పోవుననియు, సంవత్సరములో ఇట్లు 40 గంటలు ఆగుననియు అనుకొందము. నష్టము 20,000 రూపాయలు. సొంత తీగకై యేటా అధికముగా నీయవలసినది దీనిని మించినచో అది మీకు దండుగ. మించనిచో లాభము. దసరాకు ముందు వారమున ఆగిన గంట వెల వేఱుగా నుండునని మాత్రము మఱవకుడు. అప్పటి కొనుబడి ఆ రోజు తప్పినచో మరల రాదు.

ఒప్పందములలో “99 శాతము నడచును” అని వ్రాసియున్న చూచి మురియకుడు. ముప్పది దినముల మాసములో 720 గంటలు. అందు ఒక శాతమనగా 7 గంటల 12 నిమిషములు ఆగుటకు వారికి హక్కు కలదన్నమాట. 99.5 శాతమైన 3 గంటల 36 నిమిషములు, 99.9 శాతమైన 43 నిమిషములు. ఆ హద్దు దాటినచో బిల్లులో నేమి తగ్గింతురో వ్రాసియుండనిచో ఆ శాతమునకు విలువలేదు.

తక్కువ వ్యయముతో నిశ్చింతగా నుండగోరువారికి మఱియొక మార్గము కలదు. ఒక పెద్ద పథకమునకు బదులు, ఇద్దఱు వేర్వేఱు కంపెనీలవారి చిన్న పథకములు రెండు తీసికొనుట. లేదా ఒక తీగయు, అది తెగినప్పుడు అక్కఱకు వచ్చునట్లు వేఱొక కంపెనీ ఫోను డేటాయు ఉంచుకొనుట. కాని రెండు తీగలును ఒకే స్తంభముమీదుగా వచ్చుచున్నచో రెండును ఒక్కసారియే తెగును. 2025 ఆగస్టులో హైదరాబాదునందు విద్యుత్ స్తంభములకు వ్రేలాడు కేబుళ్లను తొలగించినప్పుడు అనేక వీధులలో ఇంటర్నెట్టు ఆగిపోయినది. కావున తీగ ఏ దారిని వచ్చునో, ఆకాశమునో భూమిలోనో, కన్నులార చూచి తెలిసికొనుడు.

ధరల పట్టీ

లెక్క తెలియుటకై ఊహించిన అంకెలతో నొక యుదాహరణము: ఒకరు నెలకు 800 రూపాయలనిరి, కాని తీగ వేయుటకు 1,500, రౌటరు అద్దె నెలకు 100 వేఱు. ఇంకొకరు అన్నియు కలిపి 1,000 అనిరి. మొదటిది చౌకగా దోచును. సంవత్సరమునకు కూడినచో మొదటిది 12,300, రెండవది 12,000. ఈ రెండింటికిని 18 శాతము జీఎస్టీ చేరును. ఎప్పుడును నెల వెలను కాక, సంవత్సరపు మొత్తమునే పోల్చుడు.

గృహ పథకములు పెక్కింటిలో నెలకు 3,300 గిగాబైట్ల హద్దు కలదు. అది దాటినచో వేగము పడిపోవును. కొన్నింటిలో వ్యాపారమునకు వాడరాదను నియమము సైతముండును. గ్రామములలో నుండు సోదరీమణులు భారత్‌నెట్ తీగ తమ పంచాయతీకి వచ్చినదేమో, ఆంధ్రమున 2017 డిసెంబరులో ప్రారంభమైన ఫైబర్‌నెట్, తెలంగాణమున టి-ఫైబరు తమ యూరికి చేరినవేమో విచారించి, పిదప ప్రైవేటు కంపెనీల ధరతో పోల్చుకొనవలెను.

ఇక మిక్కిలి ముఖ్యమైన మాట. తీగ మీ పేరనో మీ వ్యాపారము పేరనో యుండవలెను. మీ వ్యాపారము జీఎస్టీలో సాధారణ పద్ధతిని నమోదైయుండి, బిల్లుపై మీ జీఎస్టీ సంఖ్య యున్నచో, చెల్లించిన 18 శాతమును మీరు కట్టవలసిన పన్నులో తగ్గించుకొనవచ్చును. కాంపోజిషన్ పద్ధతిలోనివారికి ఈ సౌకర్యము లేదు. బిల్లు ఇంటి యజమానుని పేరనో భర్తపేరనో యున్నచో ఈ లాభము చేజాఱును. అంతేకాదు, తీగ తెగిననాడు కంపెనీవారు నమోదైన ఫోనువారినే అడిగెదమందురు. ఆ ఫోను పొరుగూరిలో నున్నచో మీ మొఱ వినువారుండరు. వ్యాపారము మీదైనప్పుడు దాని యాధారమును మీదే కావలెను.

ఇంటిలోని దోషము

వేగము తగ్గినప్పుడెల్ల కంపెనీని నిందింపరాదు. రౌటరును ఇనుప బీరువా వెనుకనో, మూలగదిలోనో పెట్టినచో వై-ఫై దుకాణమునకు చేరదు. 5 గిగాహెర్ట్జుల వై-ఫై వేగవంతము, గోడలను దాటునప్పుడు బలహీనపడును, 2.4ది దూరము పోవును, వేగము తక్కువ. బిల్లులు వ్రాయు కంప్యూటరునకు కేబులే వేయించుట మేలు. పాత టెలిఫోనువలె గాక ఫైబరు పెట్టెకు కరెంటు కావలెను; కావున దానికొక చిన్న బ్యాటరీ యమర్చుడు. పెట్టెపై ఎఱ్ఱదీపము వెలిగినచో వెలుగు రావడములేదని, అనగా బయట తీగ దెబ్బతిన్నదని తెలిసికొని, ఆలసింపక ఫిర్యాదుచేసి దాని సంఖ్యను వ్రాసికొనుడు. ఆ ఫిర్యాదు తీరనిచో, 2012 నాటి ట్రాయి నిబంధనలప్రకారము కంపెనీలోనే యున్న అప్పీలు అధికారికి వ్రాయవచ్చును. అప్పుడు ఆ సంఖ్యయే మీకు సాక్ష్యము.

సంతకమునకు ముందు అడుగవలసినవి

1. ఎగుమతి వేగమెంత? రాత్రివేళ యెంత?
2. తీగ తెగినచో ఎన్ని గంటలలో బాగుచేయుదురు? ఆ మాట కాగితముపై నున్నదా?
3. మరమ్మతుచేయు మనిషి మన యూరిలో నుండునా?
4. సంవత్సరమునకు పన్నుతో సహా మొత్తమెంత? రెండవయేట వెల పెరుగునా?
5. నెల మధ్య మానుకొనినచో ధరావతు తిరిగి వచ్చునా?
6. బిల్లు నా వ్యాపారము పేర నిత్తురా?

అడుగనిదే అమ్మయైన పెట్టదందురు, కంపెనీవారు పెట్టుదురా? ఈ యాఱు ప్రశ్నలను ఒక కాగితముపై వ్రాసి, కనీసము ఇద్దఱిని అడిగి, ప్రత్యుత్తరములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, ఏది చౌకయో యెవ్వరును చెప్పనక్కఱలేదు.