మన బడి నెత్తిమీది రేకుల లెక్క ఏది?

మేము సైనిక్‌పురిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నం. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కిన మొదటి తరం. మాలో చాలామందిమి అక్షరాలు దిద్దింది సిమెంటు రేకుల కిందనే.

ఆ రేకుల్లో ఉండేది ఆస్బెస్టాస్. పగిలినా, కోసినా కంటికి కనబడని పోగులు గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లో దిగబడతయ్. క్యాన్సర్ బయటపడేది 20, 30, 40 ఏళ్లకు. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ తెస్తదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది.

ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డు కనీసం 40 ఏళ్లు దాచాలని 1995లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మరి ఆ రేకు కింద పదేళ్లు కూర్చున్న పిల్లకు? ఒక్క కాగితం లేదు. అమెరికాలో 1986 చట్టం ప్రకారం బడులను తనిఖీ చేయాలి, మూడేళ్లకోసారి మళ్లీ చూడాలి, తల్లిదండ్రులకు చెప్పాలి. మన దగ్గర 2022లో 'మన ఊరు - మన బడి' కింద 12 రకాల పనులు పెట్టిన్రు. మరుగుదొడ్లు, రంగులు, ప్రహరీలు ఉన్నయ్. ఆస్బెస్టాస్ లెక్క మాత్రం లేదు.

"రేకులు తీసేస్తే పిల్లలెక్కడ కూర్చోవాలె?" అంటరు. రేపే పగలగొట్టమని మేము అంటలేం, పగలగొడితేనే అసలు ప్రమాదం. ముందు లెక్క తీయాలె. ఏ బడిలో ఎన్ని రేకులు, ఎన్ని పగిలినయ్ అన్నది బడి గోడ మీద రాయాలె. సెలవుల్లో తడిపి, ముక్కలు కాకుండా దించాలె. కూలికొచ్చే మన నాయినలతోని మాస్కు లేకుండా ఆ పని చేయించొద్దు.

సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ బడి కప్పు కింద నుంచి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. అన్నీ కలిపి ఐటీడీఏ పీఓల చేతిలో పెడదాం. లెక్క వాళ్లు తీయకపోతే మనమే తీద్దాం.