వాసన వస్తోందంటే బండి ఆపాల్సిందే!

2023 ఆగస్టు 26. తెల్లవారుజామున మదురై స్టేషన్ దగ్గర పక్క పట్టాల మీద ఆగి ఉన్న ఒక రైలు పెట్టె తగలబడిపోయింది. దక్షిణాది గుళ్లన్నీ చూసి రావాలని లక్నో నుంచి ఆ పెట్టె మొత్తాన్నీ బుక్ చేసుకుని వచ్చిన యాత్రికులు అందులో ఉన్నారు. ఎక్కకూడని గ్యాస్ సిలిండరు ఒకటి సామాన్లతో పాటు ఎక్కేసింది. పొద్దున్నే టీ పెట్టుకునే వేళకి మంటలు లేచాయి. తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. రైల్లో ఇలాంటి వస్తువు తేవడం 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం నేరం. మూడేళ్ల దాకా జైలు కూడా పడవచ్చు. ఆ సంగతి ఆ పెట్టెలో ఎవరికి గుర్తుంది?

"అదెక్కడో మదురైలో కదా" అనుకోకండి. మన ఒంటిమిట్ట వైపు చూద్దాం. కడప నుంచి తిరుపతి వెళ్లే దారిలో పాతిక కిలోమీటర్ల దూరంలో ఉందీ ఊరు. రాష్ట్రం విడిపోయాక 2015 నుంచి ప్రభుత్వ లాంఛనాలతో శ్రీరామనవమి ఉత్సవాలు జరిగేది ఇక్కడే. కోదండరాముడి కల్యాణం రాత్రిపూట, పండు వెన్నెల్లో. దానికోసం ఊళ్ల నుంచి టెంపోలు, మినీ బస్సులు, ట్రాక్టర్లు కట్టుకుని వస్తారు. తిరుపతి మొక్కుకు పోతూ ఆగేవాళ్లు సరేసరి. బియ్యం మూట, చింతపండు పులుసు డబ్బా, గిన్నెలు... వాటి మధ్యన ఒక సిలిండరు, ఒక పొయ్యి. చెట్టు కింద బండి ఆపి నాలుగు ముద్దలు వండుకుంటే ఖర్చు కలిసొస్తుంది, పిల్లల కడుపూ చెడదు. అందులో తప్పేముంది? వంట మాటే కాదు మనం అడగాల్సింది. దారంతా ఆ సిలిండరు ఎక్కడ, ఎలా కూర్చుందన్నది అడగాలి.

వంటింట్లో గ్యాస్ లీకైతే కిటికీ ఉంది, పెరటి తలుపు ఉంది. బండిలో? ఏసీ కోసం అద్దాలన్నీ మూసేస్తారు. వంటగ్యాస్ గాలికంటే దాదాపు రెండింతలు బరువు. పైకి పోదు, నేలబారుగా పాకి సీట్ల కింద, సామాన్ల సందుల్లో చేరుతుంది. గాలిలో వందకి రెండు పాళ్లు కలిసినా చాలు, ఒక్క నిప్పురవ్వకి అంటుకుంటుంది. ఆ రవ్వ అగ్గిపుల్లే కానక్కర్లేదు. లైటు స్విచ్చి, బండి స్టార్టరు, బీడీ ముక్క, ఏదైనా సరే.

అసలు ఈ గ్యాస్‌కి తనదంటూ వాసనే లేదు. మనకు తెలియాలనే కుళ్లిన కోసుగడ్డ లాంటి వాసన వచ్చే మెర్‌కాప్టాన్ అనే మందు కలుపుతారు. దీని వెనక ఒక ఘోరం ఉంది. 1937 మార్చిలో అమెరికాలో న్యూ లండన్ అనే ఊరి బడిలో వాసన లేని గ్యాస్ లీకై పేలింది. మూడు వందల మంది దాకా చనిపోయారు, ఎక్కువమంది పసిపిల్లలు. ఆ తర్వాతే గ్యాస్‌లో వాసన కలపడం తప్పనిసరి అయింది. ముక్కుపుటాలకి తగిలే ఆ కంపు వెనక అంతమంది పిల్లల ప్రాణాలున్నాయన్నమాట.

మరి ఆ వాసన ముందు పసిగట్టేది ఎవరు? రోజూ పొయ్యి దగ్గర నిలబడే మనమే. "ఏందో గ్యాస్ వాసనొస్తాందే" అంటే వచ్చే జవాబు కూడా మనకు తెలిసిందే. "నీకన్నీ అనుమానాలే, డీజిల్ వాసనలే అది!" డ్రైవరు ఆపడు, ముందు సీట్లో పెద్దమనిషి తల తిప్పడు. కాసేపటికి మన ముక్కే ఆ వాసనకి అలవాటు పడిపోతుంది. వాసన ఆగలేదు, తెలియడం ఆగిపోయింది. తగ్గిందిలే అనుకుని నోరు మూసుకుంటాం.

ఒక్క విషయం ఆలోచించండి. 1999లో మన రాష్ట్రంలో మొదలైన దీపం పథకమైనా, 2016లో కేంద్రం తెచ్చిన ఉజ్వల అయినా కనెక్షన్ ఇచ్చింది ఆడవాళ్ల పేరు మీదే. పుస్తకం మీద పేరు మనది, పొయ్యి దగ్గర చాకిరీ మనది. బండి ఆపమనే మాట మాత్రం మనది కాదా?

వాసన వస్తే ఏం చేయాలి?

ముందు బండిని జనం లేని ఖాళీ జాగాలో ఆపించండి. ఇంజను కట్టించండి. పిల్లల్ని, ముసలివాళ్లని ముందు దింపి దూరంగా, గాలి వచ్చే వైపు నిలబెట్టండి. తలుపులు, అద్దాలు బార్లా తెరవండి. లోపల లైటు గానీ, ఫ్యాను గానీ వేయొద్దు, వెలుగుతుంటే ఆపనూ వద్దు. ఫోను కిందికి దిగాకే. రెగ్యులేటరు మూసి, ఊడదీసి, సిలిండరుకు ప్లాస్టిక్ మూత బిగించండి. నిటారుగానే పట్టుకుని బయటికి దించండి. బుస్సుమని గ్యాస్ చిమ్ముతుంటే మాత్రం దాని జోలికి పోకండి, అందరూ దూరం జరగండి. గ్యాస్ లీకుకి 1906, మంటలకి 101, దేనికైనా 112. ఈ మూడు నంబర్లూ నోటికి వచ్చి ఉండాలి.

లీకు ఎక్కడో వెతకడానికి అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లు ఇంకా ఉన్నారు! సబ్బు నురగ చాలు. రెగ్యులేటరు చుట్టూ, రబ్బరు పైపు రెండు కొసలా, పొయ్యి నాబుల దగ్గర పూయండి. బుడగలు ఎక్కడ వస్తే లీకు అక్కడ. చాలాసార్లు దొంగ దొరికేది సిలిండరు మూతి లోపలి చిన్న రబ్బరు వాషరులోనే. పైపు మీద తేదీ చూసుకోండి, ఐదేళ్లు దాటితే మార్చాల్సిందే. బుడగలు ఆగేదాకా పొయ్యి ముట్టించొద్దు.

ఇప్పుడు వంటగదీ పడకా అన్నీ ఉన్న కారవాన్ బళ్లు వస్తున్నాయి. కేరళ 2021లోనే వీటికోసం పర్యాటక విధానం ప్రకటించింది. అదే కేరళలో 2024 డిసెంబరులో వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటరు నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని తేలింది. ఆ విషానికి వాసనే ఉండదు. కాబట్టి మూసిన బండిలో పొయ్యి గానీ, బొగ్గుల కుంపటి గానీ వెలిగించి పడుకోవద్దు. జనరేటరు పొగ లోపలికి వస్తోందేమో చూసుకోవాలి. కారవాన్ అద్దెకిచ్చేవాళ్లని గ్యాస్, కార్బన్ మోనాక్సైడ్ పసిగట్టే అలారాలు ఉన్నాయా అని అడగాలి.

2025 అక్టోబరులో కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సు కాలిపోయింది. దానికి గ్యాస్ కారణం కాదు. కానీ బండి అంటుకుంటే దిగడానికి ఎంత తక్కువ సమయం ఉంటుందో రాయలసీమకి అది చూపించింది. ఇల్లు కాలాక బావి తవ్వి లాభం లేదు. ఉత్సవాల రోజుల్లో వాహనాలు నిలిపే చోటే వంటకి విడిగా రేకుల షెడ్డు, నీళ్లు, ఇసుక బకెట్లు ఏర్పాటు చేయడం దేవస్థానాలకి పెద్ద పని కాదు. బండి కిరాయికి ఇచ్చే యజమాని, జనం కూర్చునే చోట సిలిండరు ఎక్కించనని గట్టిగా చెప్పొచ్చు. ఇంట్లో పులిహోర, చపాతీలు కట్టుకుపోతే ఒక పూట గడుస్తుంది. యాత్రలోనైనా పొయ్యి ముందు కూర్చునే పని మనకూ తప్పుతుంది.

వచ్చే నవమికి బండి మాట్లాడేటప్పుడే ఇంట్లో ఒక మాట అనుకోండి. ఎవరికి వాసన వచ్చినా సరే, అత్త అయినా కోడలైనా పదేళ్ల పిల్ల అయినా, వాదన లేకుండా బండి ఆగాలి. వట్టి అనుమానమే అయితే పోయేది పది నిమిషాలే కదా!