వెబ్‌సైట్ కూడా ప్రభుత్వ ఆఫీసే, దాని మెట్లు తొలగించాలి

గత నెల ఆత్మకూరు వైపు ఒక ఊళ్లో సంఘం సమావేశం ముగిశాక ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచాడు. నిమ్మతోట రైతు. చాలా ఏళ్ల కిందట తోటలో ఎండుకొమ్మలు కొడుతుంటే ముల్లు గుచ్చుకొని ఒక కన్ను పోయింది. రెండో కన్ను షుగరుతో మసకబారింది. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి, "అబ్బయ్యా, ఇది నా 1-బీ నకలు. ఇందులో ఎవరి పేరుందో, ఎంత విస్తీర్ణముందో చదివి చెప్పండి. ఇంట్లో వాళ్లను అడగలేను, అడిగితే అనుమానపడ్డాడంటారు" అన్నాడు.

చదివి చెప్పాం. పేరు ఆయనదే, విస్తీర్ణమూ సరిగానే ఉంది. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. ఆ తర్వాత ఆయన చేతిలోని ఫోన్ చూపించి చెప్పిన మాట మమ్మల్ని ఆలోచనలో పడేసింది. "నా మనవరాలు ఇందులో ఏదో నొక్కి పెట్టింది. వచ్చిన మెసేజీ చదివి వినిపిస్తది. ఎవరు ఫోన్ చేశారో చెప్తది. ఈ గవర్నమెంటు సైట్లలోకి పోతే మాత్రం బటన్, బటన్, బొమ్మ, బటన్ అంటది. అంతే. ఇంకేం చెప్పదు."

అంటే లోపం ఆయన కంట్లో లేదు. ఆ కంటికి బదులు పనిచేసే సాధనం ఆయన చేతిలోనే ఉంది. అది చదవగలిగేలా మన సైట్లు లేవు. ఈ నెల సంపాదకీయం దాని గురించే.

ఇప్పుడు రైతు పని ఏది తీసుకున్నా ఆన్‌లైన్‌తో ముడిపడింది. అడంగల్, 1-బీ చూసుకోవాలంటే మీభూమి. పంట నమోదు ఈ-పంట. అందులో పేరు లేకపోతే పంటల బీమా లేదు, ఇన్‌పుట్ సబ్సిడీ లేదు, మద్దతు ధరకు అమ్ముకునే దారి లేదు. పీఎం కిసాన్ డబ్బు పడాలంటే ఈకేవైసీ. 2025 ఆగస్టు 2న మొదలైన అన్నదాత సుఖీభవ కూడా ఈ రికార్డుల మీదే నడుస్తున్నది. 2025 జనవరి 30న ప్రభుత్వం వాట్సాప్‌లో మన మిత్ర పేరుతో 161 సేవలు ప్రారంభించింది. ఆఫీసుల చుట్టూ తిరగడం తగ్గితే మంచిదే, మేము వ్యతిరేకం కాదు. ఉదయగిరి నుంచి నెల్లూరు కలెక్టరేటుకు పోయి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. వీల్‌చైర్‌లో ఉన్న మనిషికైతే ఆ ప్రయాణమే ఒక శిక్ష. కాబట్టి ఆన్‌లైన్ సేవ అందరికంటే ముందు వికలాంగుడికే ఉపయోగపడాలి. జరుగుతున్నది తలకిందులుగా ఉంది. అందరికంటే ముందు బయట నిలబడేది అతనే.

వెనకటికి ప్రభుత్వం ఏదైనా చెప్పాలంటే ఊళ్లో దండోరా వేయించేది. చూపు లేనివాడికీ వినపడేది, చదువు రానివాడికీ అర్థమయ్యేది. చెవులు వినపడనివాడికి పక్కింటివాళ్లు చేతులతో సైగ చేసి చెప్పేవాళ్లు. ఇప్పుడు జాబితా కాగితం రైతు సేవా కేంద్రం గోడకు అంటిస్తున్నారు, లేదా సైట్‌లో పెట్టామంటున్నారు. గోడా మాట్లాడదు, సైటూ మాట్లాడదు.

వికలాంగులు మన ఊళ్లలో ఎంతమందిలే అని కొందరనుకోవచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వారిలో నూటికి 69 మంది పల్లెల్లోనే ఉన్నారు. పైగా వ్యవసాయమే మనుషులను వికలాంగులను చేస్తున్నది. నూర్పిడి మిషన్‌లో చేయి పోయినవాళ్లు, మోటారు దగ్గర కరెంటు షాక్ కొట్టి వేళ్లు పోయినవాళ్లు, ట్రాక్టర్ బోల్తాపడి కాలు పోయినవాళ్లు లేని మండలం లేదు. ఇక మన మెట్ట ప్రాంతపు ఫ్లోరైడ్ సంగతి వేరే చెప్పాలా? మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట గుర్తించి రాసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లాలోనే. నీళ్లతో ఎముకలు బిగుసుకుపోయి, వేళ్లు ముడుచుకుపోయిన మనిషి ఫోన్ తెర మీద గోరంత బటన్ ఎట్లా నొక్కుతాడు? పార పట్టి పట్టి వేలిముద్ర అరిగిపోయిన కూలీ వేలిని మిషన్ ఎట్లా గుర్తుపడుతుంది? శుక్లాలు వచ్చిన ముసలి రైతుకు లేత బూడిద రంగు అక్షరాలు ఏం కనపడతాయి? కాబట్టి ఇది పక్కవాడి సమస్య కాదు. ఈరోజు ఆయనకు, రేపు మనకు.

ఇంతకీ అడ్డు ఎక్కడుంది? మన సభ్యులకు అర్థమయ్యేలా చెబుతాం. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనే సదుపాయం ఉంటుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద దొరుకుతుంది. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. తెర మీద అక్షరం ఉంటే ఇవి చదివి వినిపిస్తాయి. అక్షరాన్ని ఫొటో తీసి పెడితే చాలా చోట్ల వీటికి అది బొమ్మ మాత్రమే. బటన్‌కు లోపల పేరు రాయకపోతే "బటన్" అనే అంటాయి, అది దేని బటనో చెప్పలేవు. వంకర టింకర అక్షరాల క్యాప్చా పెట్టి, దాన్ని వినిపించే ఏర్పాటు చేయకపోతే చూపు లేనివాడు అక్కడే ఆగిపోతాడు. ఎర్ర రంగు ఉంటే తిరస్కరించినట్టు, పచ్చ రంగు ఉంటే ఆమోదించినట్టు అని రంగుతోనే చెబితే రంగులు తేడా తెలియనివాడికి ఏమీ తెలియదు. రెండు నిమిషాలకే గడువు ముగిసిందని బయటకు తోసేస్తే చేతులు వణికేవాడు దరఖాస్తు ఎప్పటికీ పూర్తి చేయలేడు. సందేహాలకు ఫోన్ నంబరు ఒక్కటే ఇస్తే వినపడనివాడు ఎవరితో మాట్లాడాలి?

తెలుగుకు ఇంకో తిప్పలుంది. అను లాంటి పాత ఫాంట్లలో టైపు చేసిన కాగితం మన కంటికి చక్కటి తెలుగే. కానీ కంప్యూటర్ లోపల అది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కలగాపులగం. ఫోన్ దాన్ని చదివితే ఎవరికీ అర్థం కాని కూతలు వినపడతాయి. యూనికోడ్‌లో టైపు చేస్తే ఈ బాధ ఉండదు. ఇందులో ఏ ఒక్కటీ కోట్ల ఖర్చు పని కాదు. కొత్త సైట్ కట్టేటప్పుడే చూసుకుంటే దాదాపు ఖర్చే ఉండదు. ఇల్లు కట్టాక గోడ పగలగొట్టి కిటికీ పెట్టాలంటేనే ఖర్చు.

చట్టం లేదా అంటే, ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ సమాచారమంతా వికలాంగులకు అందే రూపంలో ఉండాలంటున్నది. ప్రమాణాలు నోటిఫై అయిన రెండేళ్లలోగా సేవలన్నీ వాటి ప్రకారం మార్చాలని 46వ సెక్షన్ చెబుతున్నది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. అంటే గడువు 2019లోనే తీరిపోయింది. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి పదివేల రూపాయల దాకా, ఆ తర్వాత యాభైవేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా వేయొచ్చని 89వ సెక్షన్‌లో ఉంది.

కోర్టులూ చెప్పాయి. చూపు లేని రాజీవ్ రాతూరి 2005లో వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న తీర్పిచ్చింది. అందుబాటు ప్రమాణాలు పాటిస్తే పాటించండి అన్నట్టు ఉండకూడదని, తప్పనిసరి నియమాలు చేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో దేశంలోని పరిస్థితిని పరిశీలించి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయమే. తర్వాత 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో ఇంకో తీర్పు వచ్చింది. ఆమె యాసిడ్ దాడి బాధితురాలు. బ్యాంకు ఖాతా కోసం కెమెరా ముందు కనురెప్పలు ఆడించమన్నారు. ఆడించలేని మనిషిని ఆడించమంటే ఏం చేస్తుంది? డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని కోర్టు తేల్చింది. కేవైసీ విధానాన్ని మార్చడానికి ఇరవై ఆదేశాలిచ్చింది. యాప్ గానీ సైట్ గానీ తయారు చేసేటప్పుడు చూపు లేనివారి చేత పరీక్ష చేయించాలన్నది వాటిలో ఒకటి. మన పంటరుణాలిచ్చే బ్యాంకులకు సూటిగా వర్తించే మాట ఇది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టుంది ఇప్పటి పరిస్థితి. సుగమ్య భారత్ అభియాన్ 2015 డిసెంబర్ 3న మొదలైంది. వికలాంగుల దినోత్సవం నాడు సభలు పెడతారు, శాలువాలు కప్పుతారు, మూడు చక్రాల బండ్లు ఇచ్చి ఫొటోలు దిగుతారు. బండి ఇవ్వడం మంచిదే. ఆ బండి కోసం పెట్టుకునే దరఖాస్తును ఆ మనిషి సొంతంగా నింపుకోగలగాలి గదా!

సచివాలయంలో సిబ్బంది ఉన్నారు, వాళ్లే చేసిపెడతారు, ఇంకేం కావాలని అధికారులు అడుగుతారు. సాయం ఉండాల్సిందే, దాన్ని తీసేయమని ఎవరూ అనడం లేదు. అయితే సాయం వేరు, ఆధారపడి బతకడం వేరు. ఆధార్ నంబరు, ఓటీపీ, బ్యాంకు పాస్‌బుక్, భూమి పత్రం అన్నీ ఇంకొకరి చేతిలో పెట్టి నమ్మి కూర్చోవాల్సిన రైతుకు తన పొలం మీద పట్టు ఎంత ఉంటుంది? పేరు తప్పు పడినా, సెంట్లు తగ్గినా, తన పేరుతో అప్పు పుట్టినా ఆయనకు తెలిసేది అందరికంటే ఆఖరున. కళ్లున్న మనమే ఏడాదికోసారి అడంగల్ తీసి చూసుకుంటున్నాం. ఆ అవకాశం ఆయనకూ ఉండాలి.

ఇంకో సంగతి. ఫోన్ చదవగలిగే సైట్ చదువు రాని రైతుకూ పనికొస్తుంది. పెద్ద అక్షరాలు, పెద్ద బటన్లు ముసలివాళ్లందరికీ మేలు. ఆఫీసు ముందు ర్యాంపు కడితే వీల్‌చైర్ ఒక్కటే ఎక్కదు, బస్తా మోసేవాడూ, బాలింతా ఎక్కుతారు. ఇదీ అంతే.

ఇక మన తప్పు మనం ఒప్పుకోవాలి. ఈ పత్రికను ఇన్నాళ్లూ పాత ఫాంట్‌లోనే టైపు చేయించాం. సంఘం సర్క్యులర్లను కాగితం మీద రాసి, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పంపాం. ఆ పెద్దాయన ఫోన్‌లో మన సర్క్యులర్ కూడా "బొమ్మ" అనే వినపడింది. ఆయన సంఘానికి సభ్యత్వ రుసుము కడుతూనే ఉన్నాడు. ఏమీ అనలేదు, అదే మాకు ఎక్కువ సిగ్గనిపించింది.

అందుకే సంఘం తరఫున ఈ నిర్ణయాలు తీసుకున్నాం. జనవరి సంచిక నుంచి పత్రిక యూనికోడ్‌లో వస్తుంది. సర్క్యులర్లు ఫొటోలుగా కాక అక్షరాలుగా, దానితోపాటు మాటగా రికార్డు చేసి పంపుతాం. ఉదయగిరిలో ఒకసారి, ఆత్మకూరులో ఒకసారి చూపు, వినికిడి, చేతుల ఇబ్బంది ఉన్న సభ్యులను కూర్చోబెట్టి, రైతుకు అవసరమైన ఐదారు సైట్లను వాళ్ల చేతనే తెరిపిస్తాం. ఎవరు ఎక్కడ ఆగిపోయారో రాసుకుంటాం. ఆ కాగితంతో ఒక సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు పోతాం. ఒక ప్రతిని రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు పంపుతాం.

మేము అడిగేవి నాలుగే. ఒకటి, రైతుకు సంబంధించిన ప్రతి సైట్, యాప్‌ను విడుదల చేసే ముందు చూపు లేని రైతు చేత పరీక్ష చేయించాలి. రెండు, జాబితాలు, ఉత్తర్వులు యూనికోడ్ తెలుగులో, ఫోన్ చదవగలిగేలా పెట్టాలి. మూడు, వేలిముద్ర పడనివారికి, కనురెప్ప ఆడనివారికి ఇంకో దారి చూపించి, ఆ దారి ఏదో సచివాలయం గోడ మీద రాయడంతోపాటు గ్రామసభలో చదివి వినిపించాలి. నాలుగు, ఫోన్ చేయలేనివారు రాతలో ఫిర్యాదు చేసి రాతలోనే జవాబు పొందే ఏర్పాటు ఉండాలి.

గ్రామ కమిటీలకు ఒక పని. మీ ఊళ్లో చూపు, వినికిడి, కాలు, చేయి ఇబ్బంది ఉన్న రైతులు, కౌలురైతులు, కూలీలు ఎవరున్నారో వాళ్లను అడిగి, వాళ్ల ఇష్టంతోనే పేర్లు మండల కమిటీకి ఈ నెలాఖరులోగా ఇవ్వండి. ఫోన్ మాట్లాడేలా చేయడం తెలిసిన పిల్లలు ప్రతి ఊళ్లో ఉన్నారు. వాళ్లను తీసుకెళ్లి అవసరమైన వారి ఫోన్లలో టాక్‌బ్యాక్ పెట్టించండి. వచ్చే సమావేశానికి ఆ పెద్దాయన వచ్చేసరికి మన సర్క్యులర్ ఆయన ఫోన్‌లో మాట్లాడుతూ ఉండాలి. తన 1-బీని ఆయనే వినే రోజు దాకా మనం కలెక్టరేటు మెట్లు ఎక్కుతూనే ఉండాలి.