దోషమెవ్వరిది?



కూలివాడు మత్తునకు లోబడి చెడిన యెడల "వాని బుద్ధి చెడ్డది" యని కొందఱందురు. "వర్తకుల ధనాశయే హేతువు" అని మఱికొందఱందురు. సింగపూరు చరిత్రము ఈ తగవును తీర్చుటకు సాయపడును.

అచ్చట 1909 వఱకు నల్లమందు అమ్మకము ధనికులైన గుత్తదారుల చేతిలో నుండెను. బరువులు మోయువారును రిక్షాలు లాగువారును దానిని కొని, ఒడలి నొప్పి మఱచుచు, కూలిడబ్బు పోగొట్టుకొనుచుండిరి. 1910లో దొరతనమువారు గుత్తను మాన్పి, అమ్మకమును తామే చేపట్టిరి. వర్తకుడు పోయెను గాని వర్తకము పోలేదు. ఏలయన ఆ కాలమున ప్రభుత్వాదాయములో ఇంచుమించు సగము నల్లమందు వలననే వచ్చుచుండెను. 1946లో గాని చట్టము దానిని పూర్తిగా నిషేధింపలేదు.

కావున దోషము వర్తకులయందు మాత్రమే లేదు. ఒకని చేటు మఱియొకనికి లాభమగు ఏర్పాటునందున్నది. మలయా రబ్బరు తోటలలోను కల్లు దుకాణములు కూలిలైనులకు చేరువనే యుండెడివి. జీతపునాడు తోట యిచ్చిన డబ్బు సాయంకాలమునకు ఆ దుకాణము చేరినచో, తప్పు త్రాగినవానిది మాత్రమేనా? దుకాణము పెట్టినవారును ఉత్తరవాదులే.

అయినను అట్టి ఏర్పాటు మాఱువఱకు పిల్లలు పస్తుండవలెనా? దుకాణము మూయించుట చట్టము పని. మూయుమని అందఱు కలిసి అడుగుటయు, జీతము ముందుగా ఇల్లాలి చేతికిచ్చుటయు మన పని.