బిల్లు మీద ప్రాసెసర్ పూర్తి నెంబరు రాయమని అడుగుదాం

బందరు, గుడివాడ, దివిసీమ ప్రజలకు విజ్ఞప్తి



మన ఊళ్లలో కంప్యూటర్ కొనడానికి వెళ్లినవాళ్లు అడిగేది ఒకే మాట: “ఐ5 ఉందా? ఐ7 ఎంత?” షాపువాళ్లు చెప్పేదీ అదే. బిల్లంటూ ఇస్తే అందులో “ఐ7 కంప్యూటర్ సెట్ – 1” అని ఉంటుంది. ఆ ఒక్క ముక్క నమ్మి వేలకు వేలు పోస్తున్నాం. ఇక నుంచి ప్రాసెసర్ పూర్తి నెంబరు, మదర్‌బోర్డు మోడల్ బిల్లులో రాస్తేనే డబ్బు కట్టాలని కోరడానికే ఈ కరపత్రం.

మా మేనల్లుడిది కోడూరు దగ్గర పల్లె. డిగ్రీ రెండో ఏడు. ఐ7 అయితే పదేళ్లు చూసుకోనక్కర్లేదని ఎవరో చెబితే, మా చెల్లెలు చీటీ పాడిన డబ్బుతో ఒక షాపులో సెట్టు కొనిచ్చింది. క్యాబినెట్ మీద ప్లాస్టిక్ కాగితం కూడా తీయని కొత్త సరుకు. నెల తిరక్కుండా విండోస్ 11 ఎక్కించబోతే, ఈ కంప్యూటర్‌కు కుదరదని తెర మీద వచ్చింది. నా దగ్గరకు మోసుకొచ్చాడు. పక్క రేకు విప్పి, ఫ్యాను తీసి, ప్రాసెసర్ మీది తెల్ల పేస్టును పాత గుడ్డతో తుడిచాం. అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి: ఐ7-2600. బోర్డు చూస్తే హెచ్61.

“ఐ7 అన్నమాట నిజమేగా మావయ్యా?” అన్నాడు.

నిజమే. కానీ ఆ ప్రాసెసర్ బజారులోకి వచ్చింది 2011 జనవరిలో. అప్పటికి వీడింకా ఒకటో తరగతిలో కూడా చేరలేదు. షాపుకు వెళ్లి అడిగితే “ఐ7 అడిగారు, ఐ7 ఇచ్చాం” అన్నారు. మాకు మాట పెగల్లేదు. బిల్లులో ఉన్నదీ అంతే మరి.

ఇలాంటి సెట్లలో బోర్డు కొత్తగా తయారైందే కావచ్చు. దాని మీది చిప్‌సెట్ మాత్రం 2011 నాటి రకం. ప్రాసెసరేమో ఎక్కడో ఆఫీసులో ఏళ్ల తరబడి తిరిగి, వాళ్లు తీసేశాక బయటపడ్డది. పాత సరుకు అమ్మడమే తప్పని నేననను. పాతదని చెప్పి పాతదాని ధరకు ఇస్తే, లేనివాళ్ల పిల్లలకు అది మేలే. కొత్త అట్టపెట్టెలో పెట్టి, సంగతి చెప్పకుండా అంటగట్టడమే అన్యాయం.

నెంబరు చదవడం కష్టమేమీ కాదు. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఐ3, ఐ5, ఐ7 తర్వాత గీత ఉంటుంది. గీత పక్కన నాలుగంకెలుంటే మొదటి అంకె, అయిదంకెలుంటే మొదటి రెండంకెలు జనరేషన్. 2600 అంటే రెండోది, 12100 అంటే పన్నెండోది. 2022లో వచ్చిన ఐ3-12100 ముందు 2011 నాటి ఐ7 నిలవలేదు. రెంటికీ నాలుగే కోర్లు, అయినా ఐ3 వేగం చాలా ఎక్కువ, కరెంటు ఖర్చు తక్కువ. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచి, ఏఎండీ రైజెన్‌లో 2000 వరుస నుంచి ఉండాలి. కాబట్టి ఈ అంకె చూడకుండా కొన్నవాళ్లు కొన్న రోజే వెనకబడిపోతున్నారు.

ప్రాసెసర్ ఒక్కటి చూసినా చాలదు. అది, మదర్‌బోర్డు జంట. ఇంటెల్ రెండు మూడు జనరేషన్లకోసారి సాకెట్ మార్చేస్తుంది. రెండు, మూడు జనరేషన్లకు 1155. పది, పదకొండుకు 1200. పన్నెండు నుంచి పద్నాలుగు దాకా 1700. ఇందులో ఒక గోతిని ప్రత్యేకంగా చెప్పాలి. ఏడో జనరేషన్‌కూ ఎనిమిదో జనరేషన్‌కూ సాకెట్ పేరు 1151 అనే ఉంటుంది. ఏడోదాని బోర్డులో ఎనిమిదోది చక్కగా కూర్చుంటుంది, పని మాత్రం చేయదు. ఇది తెలియక ప్రాసెసర్ ఒక్కటే తెచ్చుకుని, బోర్డు కోసం మళ్లీ బెజవాడ బస్సెక్కినవాళ్లను ఎరుగుదును.

ఏఎండీ దారి వేరు. 2017 నాటి రైజెన్లకు వాడిన ఏఎం4 సాకెట్‌లోనే 5000 వరుస కూడా పడుతుంది. 2018లో బీ450 బోర్డు కొన్నవాళ్లు బయోస్ అప్‌డేట్ చేయించి 5600జీ వేసుకుంటే చాలు. బోర్డు, ర్యామ్ పాతవే ఉంటాయి. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎలా పెరిగాయో చూశాం కదా, చేతిలో ఉన్న డీడీఆర్4 ర్యామ్‌ను నిలబెట్టుకోవడం చిన్న సంగతి కాదు. 7000, 8000, 9000 వరుసలు ఏఎం5 సాకెట్‌వి. వాటికి డీడీఆర్5 ర్యామే పడుతుంది. ఖర్చెక్కువైనా, 2027 దాటాక కూడా ఆ సాకెట్‌ను కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. కొత్తగా మొదలుపెట్టి చాలాకాలం వాడాలనుకునేవాళ్లకు నేనదే చెబుతాను. చదువుకు, ట్యాలీకి, డీఎస్సీ ఆన్‌లైన్ క్లాసులకు అయితే ఐ3-12100, డీడీఆర్4 పట్టే హెచ్610 బోర్డు సరిపోతాయి. నెంబరు చివర ‘ఎఫ్’ ఉంటే గ్రాఫిక్స్ ఉండదు, వేరే కార్డు కొనందే తెర మీద బొమ్మ రాదు. రెండు వేలు తక్కువని దాన్ని తెచ్చుకోకండి.

అసలు మీ కంప్యూటర్‌కు ప్రాసెసర్ మార్చాల్సిన అవసరం ఉందా అన్నదీ చూసుకోండి. ఆరు, ఏడు జనరేషన్లవాటికి ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యామ్ ఎనిమిది జీబీ చేసి, లినక్స్ మింట్ ఎక్కిస్తే ఇంటి పనికి ఇంకా కొన్నేళ్లు వస్తాయి. అనూ ఫాంట్ల మీద బతికే డీటీపీ వాళ్లకు మాత్రం విండోస్ తప్పదు.

మనది ఉప్పుగాలి నేల. ర్యామ్ అంచున మెరిసే గీతలు నిజంగా బంగారు పూతే. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పని చూసిన మనకు పూత ఎంత పల్చనో ఒకరు చెప్పనక్కర్లేదు. గాలిలో తేమకు వాటి మీద పొర పడుతుంది. కంప్యూటర్ ఆన్ కాక బీప్ బీప్‌మంటే “బోర్డు పోయింది” అనేస్తారు. ముందు కరెంటు తీసి, ర్యామ్ ఊడదీసి, పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్లీ బిగించండి. గట్టిగా రుద్దితే పూతే పోతుంది. ఇంటెల్ బోర్డు సాకెట్లో వెంట్రుకల్లాంటి పిన్నులుంటాయి. ఒక్కటి వంగినా బోర్డు మూలపడొచ్చు. రిపేరుకిచ్చే ముందు ఆ పిన్నుల్ని సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకోండి. క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయా? ఎర్త్ లేదన్నమాట. కొత్త బోర్డు కంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఇక చట్టం సంగతి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మిన సరుకుకు బిల్లు ఇవ్వకపోవడమే అక్రమ వ్యాపార పద్ధతి. పాత సరుకును కొత్తదని చెప్పి అమ్మడమూ అంతే. 1915కు ఫోన్ చేయవచ్చు. బెజవాడ 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లినా, అక్కడ కొన్నదాని మీద మన కృష్ణా జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు, ఎందుకంటే కొన్నవాళ్లు ఎక్కడ ఉంటున్నారో అక్కడ వేసే హక్కు ఆ చట్టమే ఇచ్చింది. అయిదు లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. అయితే చేతిలో నెంబరున్న బిల్లు లేకపోతే అక్కడ చూపించేది ఏముంటుంది?

షాపుల యజమానులకు కూడా చేతులెత్తి ఒక మాట. మీలో నిజాయితీగా అమ్మేవాళ్లే ఎక్కువ, పాత సరుకు వాళ్ల చవక ధర చూపించి మీతో బేరమాడే ఖాతాదారుల వల్ల నష్టపోతున్నదీ మీరే. నెంబరు రాయడం మొదలైతే మీ ధర ఎందుకెక్కువో ఆ కాగితమే చెబుతుంది. అమెరికా నుంచి సొంతూరి హైస్కూలుకు కంప్యూటర్లు కొనిపెట్టే గుడివాడ, దివిసీమ బిడ్డలకూ మనవి: “ఐ5 పది” అని డబ్బు పంపకండి, పూర్తి నెంబరు రాసి పంపండి.

ఈ కాగితం వెనక్కి తిప్పితే నాలుగు ఖాళీ గీతలున్నాయి: ప్రాసెసర్ నెంబరు, బోర్డు మోడల్, ర్యామ్ రకం, కొత్తదా పాతదా. షాపులో కంప్యూటర్ ఆన్ చేయించి, స్టార్ట్‌లో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ తెరిపించండి. ప్రాసెసర్ పేరు, బేస్‌బోర్డు పేరు అక్కడే కనబడతాయి. వాటిని ఈ గీతల మీద రాసి, బిల్లుతో పోల్చి, షాపు ముద్ర వేయించుకున్నాకే డబ్బు తీయండి.